పెరుగుదలా? ఎదుగుదలా?

సందేహం: తెగిన అవయవం మళ్ళీ రావడంలోనూ కేన్సర్‌లోనూ ఒకే జన్యువుల పాత్ర ఉందని పిల్లలకు చెబుతూ, రెండింటికీ ‘పెరుగుదల’ అనే మాటనే వాడుతున్నాను. ‘ఎదుగుదల’ అనాలని సహోపాధ్యాయులొకరు అంటున్నారు. ఏది సరి?
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: రెండు మాటలూ కావలసినవే గాని, ఒకదాని చోట మరొకటి ఇమడదు. పెరగడమంటే పరిమాణం హెచ్చడం. సోమశిలలో నీటిమట్టం పెరిగిందంటాం, ఎదిగిందనం. ఎదగడంలో, హెచ్చడంతోపాటు తనకు తగిన రూపానికి చేరడమనే అర్థం కూడా ఉంది. మొలగొలుకుల పైరు బాగా ఎదిగిందని సంతోషించే రైతు, అదే మడిలో కలుపు పెరిగిపోయిందంటాడే తప్ప ఎదిగిందనడు.

బల్లిలా కనిపించే ఉభయచర జీవి సాలమాండర్‌కు తెగిన కాలు ఎముకలతో, కీళ్ళతో, వేళ్ళతో సహా మళ్ళీ వస్తుంది కాబట్టి అది ఎదుగుదలే. కాలేయం సంగతి వేరు. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తీసివేస్తే, పోయిన తమ్మెలు (కాలేయపు భాగాలు) తిరిగి మొలవవు. మిగిలినవే లావెక్కి, దాదాపు మునుపటి బరువుకు చేరి ఆగుతాయి. దానిని ‘పెరిగింది’ అనడమే న్యాయం. కేన్సర్ కణితి కూడా పెరిగేదే, కాని అది ఆగదు.

ఆ ఆగడాన్ని చూసుకునే జన్యువుల్లో ‘హిప్పో’ అనే జన్యువుల వరుసకు చెందినవి ముఖ్యమైనవి. ఇవి కణ విభజనను పురికొల్పే యాప్ అనే ప్రోటీనును అణచి ఉంచుతాయి. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, చిట్టెలుకల కాలేయంలో యాప్‌ను మోతాదుకు మించి పనిచేయించగా కాలేయం కొన్ని రెట్లు పెరిగింది; మాన్పిస్తే మళ్ళీ తగ్గింది; అలాగే కొనసాగనిస్తే కణితులు వచ్చాయి. అందువల్ల ‘పెరుగుదలను అదుపు చేసే జన్యువులు’ అన్న ప్రయోగం నిర్దుష్టం. కొందరు రాసే ‘పెరుగుదలను ఆపే జన్యువులు’ మాత్రం తప్పుదోవ పట్టిస్తుంది, ఎందుకంటే అదుపంటే అవసరమైనప్పుడు సాగనివ్వడం కూడా.

‘పునరుత్పత్తి’ని అవయవం మళ్ళీ రావడానికే ఉంచి, సంతానోత్పత్తికి ‘ప్రత్యుత్పత్తి’ అనండి. పత్రికలు ఈ రెంటినీ కలిపేస్తున్నాయి.

కేన్సర్ అనే లాటిన్ మాటకు ఎండ్రకాయ అని అర్థం; మన ‘కర్కటం’ కూడా అదే. జువ్వలదిన్నె ఒడ్డున మీ పిల్లలు చూసే ఆ ఎండ్రకాయకు కాలు తెగితే, పెంకు విడిచినప్పుడల్లా కొంత కొంతగా మళ్ళీ వస్తుంది. ఆ కాలు ఎదిగిందనే చెప్పండి.