కొబ్బరి చిప్పల బొగ్గు సగం బూడిదవుతోందంటే

అమలాపురం దగ్గర 200 లీటర్ల డ్రమ్ములో చిప్పలు కాలుస్తుంటే పైన బూడిద, అడుగున సగం కాలిన చిప్పలు వస్తున్నాయన్నారు కదండీ. ఆ రెండూ వేర్వేరు తప్పులు.

బూడిద గాలి వల్ల. పొగ రంగు చూడండి. మొదట దట్టంగా తెల్లగా వచ్చేది చిప్పలోని తేమ. తర్వాత పసుప్పచ్చగా, కళ్లు మండించేది తారు. అది పలచబడి నీలంగా తిరగ్గానే మూత వేసి, అడుగు కన్నాలూ మూత అంచూ తడి బంకమట్టితో మెత్తేయాలి. మీరు పొగ పూర్తిగా ఆగేదాకా చూస్తున్నారు, అప్పటికి కాలేది బొగ్గే! మట్టి ఆరి బీటలిస్తుంది, గంట తర్వాత చూసి మళ్లీ మెత్తండి. సన్నటి పగులు చాలు, లోపల నిప్పు బతికే ఉంటుంది.

సగం కాలినవి చెమ్మ వల్ల. కోనసీమ వానల్లో రేకుల కింద ఉంచినా చిప్ప తేమ పీలుస్తుంది. పీచు గీకి, బాగా ఎండబెట్టి, అడుగున మంట అందుకున్నాక పొరలుగా వేయండి. ఒక్కసారే నింపొద్దు.

మర్నాడు డ్రమ్ము చేతికి చల్లగా తగిలాకే తెరవండి, నీళ్లు చల్లొద్దు. 100 కిలోల ఎండు చిప్పకు 25–30 కిలోల బొగ్గు రావాలి. విరిస్తే అంచు నల్లగా నిగనిగలాడాలి.