6ఎల్6 తీసేసి ఈఎల్34 పెడితే మార్షల్ సౌండ్ వస్తుందా?

రెండు 6ఎల్6 పవర్ ట్యూబులతో (స్పీకర్‌ని మోగించే గాజు వాల్వులు) నడిచే 40 వాట్ల గిటార్ కాంబో (యాంపు, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) ఉంది, అవి పీకేసి ఈఎల్34 అనే ఇంకో రకం పెడితే మార్షల్ కంపెనీ యాంపులా మోగుతుందా, అసలు పవర్ ట్యూబ్ మారిస్తే చెవికి తెలుస్తుందా అని కదా మీరు అడిగింది. తెలుస్తుంది. కానీ మీరు అనుకుంటున్నంత కాదు, మీరు అనుకుంటున్న చోట కూడా కాదు. ఇంట్లో వాల్యూమ్ రెండు దాటకుండా వాయించేవాళ్లయితే ఆ డబ్బు ట్యూబుల మీద పెట్టకండి, స్పీకర్ మార్చుకోండి.

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో మేం నలుగురం తెలుగువాళ్లం శనివారం వచ్చిందంటే ఒక ఫ్రెండ్ బేస్‌మెంట్‌లో చేరేవాళ్లం. వాడి దగ్గర ఒక 100 వాట్ల హెడ్ (స్పీకర్ లేని విడి యాంపు) ఉండేది, నాలుగు పవర్ ట్యూబులు, వెనక ప్యానెల్ మీద చిన్న బయాస్ స్విచ్. బయాస్ అంటే ట్యూబ్ ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగాలో అదుపు చేసే నెగెటివ్ వోల్టేజీ. ఒక పక్కకి జరిపితే 6ఎల్6లకి సరిపోతుంది, ఇంకో పక్కకి జరిపితే ఈఎల్34లకి. మీకున్న అనుమానమే మాకూ ఉండేది కాబట్టి ఒకరోజు పందెం వేసుకున్నాం. అదే హెడ్, అదే కేబినెట్, అదే గిటార్, నాబులు ముట్టుకోకూడదు, ట్యూబులు మాత్రమే మార్చాలి, మైకు పెట్టి రికార్డు చేసి ఏది ఏదో చెప్పకుండా అందరికీ వినిపించాలి.

గరుకు శబ్దమిచ్చే గెయిన్ చానెల్‌లో మాస్టర్ వాల్యూమ్ తగ్గించి వాయించిన ముక్కల్ని నలుగురిలో ఒక్కడు కూడా సరిగ్గా పట్టుకోలేదు. నేనైతే బల్ల గుద్ది "ఇది ఈఎల్34, మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) విను" అని చెప్పింది కాస్తా 6ఎల్6 అని తేలింది, దాని మీద వాళ్లు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తారు. తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. అక్కడ వచ్చే డిస్టార్షన్ అంతా ముందున్న 12ఏఎక్స్7 అనే చిన్న ప్రీయాంప్ ట్యూబుల దగ్గరే తయారైపోతుంది, పవర్ ట్యూబులు ఆ సిగ్నల్‌ని స్పీకర్ దాకా మోసుకెళ్లడం తప్ప పెద్దగా కష్టపడవు.

అదే క్లీన్ చానెల్‌లో పెట్టి, వాల్యూమ్ ఏడుకి తీసుకెళ్లి, చెవుల్లో దూది పెట్టుకుని వాయించినప్పుడు తేడా దొరికింది. 6ఎల్6 మీద కింది ఇ తీగ కొడితే బేస్ గట్టిగా, బిగుతుగా ఉంది, పైన గాజు మీద గోరుతో కొట్టినట్టు ఒక మెరుపు. ఈఎల్34కి మార్చగానే మిడ్స్ ముందుకొచ్చాయి, నోట్ మొదట్లో ఉండే ఆ చురుకు కాస్త మెత్తబడింది, అదే వాల్యూమ్‌లో గరుకు తొందరగా మొదలైంది. కారణం మరీ రహస్యం కాదు. 6ఎల్6 బీమ్ టెట్రోడ్, ఈఎల్34 అసలైన పెంటోడ్, అంటే లోపలి నిర్మాణమే వేరు. 6ఎల్6లో ఎక్కువ పవర్ రకమైన 6ఎల్6జీసీ ప్లేట్ (కరెంటు వచ్చి చేరే లోపలి లోహపు రేకు) 30 వాట్ల వేడి తట్టుకుంటుంది, ఈఎల్34ది 25. అన్నిటికంటే ముఖ్యంగా ఈఎల్34ని పూర్తిగా తోయడానికి గ్రిడ్ (సిగ్నల్ అందుకునే లోపలి తీగ) మీద తక్కువ వోల్టేజీ చాలు, అందుకని అంతే సిగ్నల్ ఇచ్చినా అది ముందే హద్దుకి తలకొట్టుకుంటుంది.

ఆ రోజు ఆఖర్న ఒక తప్పు చేశాను. 6ఎల్6లు తిరిగి పెట్టాక స్విచ్ ఈఎల్34 వైపే వదిలేశాను. వాటికి కావలసినంత నెగెటివ్ బయాస్ అందక కరెంటు ఎడాపెడా లాగేశాయి. బేస్‌మెంట్‌లో లైటు మందంగా ఉండబట్టి సరిపోయింది, లోపల బూడిద రంగులో ఉండాల్సిన ప్లేట్ మీద ఒక ఎర్ర గీత కొలిమిలో కొడవలిలా వెడల్పవుతూ కనిపించింది, పరిగెత్తి ఆపేశాం. ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే, ప్లేట్ ఎర్రబడిందంటే మాత్రం ట్యూబ్ చస్తోందని. ఆ నాలుగింటిలో ఒకటి మళ్లీ బయాస్‌కి నిలబడలేదు.

ఇక మార్షల్ విషయం. మార్షల్ టోన్ అంటే ఈఎల్34 అని అందరం నమ్ముతాం కానీ, 1962లో లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడుపుకునే జిమ్ మార్షల్ దగ్గర తయారైన జేటీఎం45, అమెరికన్ కంపెనీ ఫెండర్ వాళ్ల బేస్‌మ్యాన్ యాంపు సర్క్యూట్‌ని దాదాపుగా దించేసిందే. మొదట్లో అందులో పెట్టింది 5881లు, అంటే 6ఎల్6 కుటుంబమే. తర్వాత కేటీ66లు వచ్చాయి, ఆ తర్వాత 60ల మధ్యలో ఈఎల్34లు. 70ల్లో అమెరికాకి పంపినవాటిలో 6550 అనే మరో రకం ట్యూబులు పెట్టి పంపారు. నచ్చక ఈఎల్34లకి మార్పించుకున్నవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ 6550 ఉన్నంత మాత్రాన అది ఫెండర్‌లా మోగలేదు కదా! వేరే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, వెనక మూసేసిన పెట్టెలో నాలుగు సెలెస్టియన్ స్పీకర్లు, మొదటి స్టేజ్‌లో ఎక్కువ గెయిన్ ఉన్న ట్యూబ్, ఇన్ని కలిస్తే ఆ శబ్దం. మీరు ఆ జాబితాలోంచి ఒక్కటి తెచ్చి మొత్తం రావాలంటున్నారు.

వాక్స్ కంపెనీ ఏసీ30 యాంపు కూడా అంతే. నాలుగు చిన్న ఈఎల్84లు ఉంటాయి, గలగలలాడే ఆ టోన్ ఘనతంతా జనం వాటికే ఇచ్చేస్తారు. కానీ ఆ పవర్ సెక్షన్‌లో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తిప్పి శబ్దాన్ని అదుపు చేసే ఏర్పాటు) లేదు, పైగా కాథోడ్ బయాస్ (ట్యూబ్ తన బయాస్ తానే పెట్టుకునే పద్ధతి), ఆ గలగలలో వీటి వాటా చాలా ఉంది. అన్నట్టు ఈఎల్84 మనకి కొత్తదేం కాదు, వాల్వు రేడియోల్లో స్పీకర్‌ని మోగించింది చాలాచోట్ల అదే, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా తయారు చేసేవాళ్లు.

నా దగ్గర ఇప్పుడున్నది రెండు 6వీ6 ట్యూబుల ఫెండర్ డీలక్స్ రివర్బ్ యాంపు, 22 వాట్లు. హైదరాబాద్ ఫ్లాట్‌లో దానికే వాల్యూమ్ ఐదు దాటించలేను, మరి మీ 40 వాట్లని మీరు ఎక్కడ తోస్తారు చెప్పండి?

అయినా మార్చే తీరాలి అనుకుంటే ఊరికే సాకెట్లో దూర్చేయకండి, బాగా పనొచ్చిన టెక్నీషియన్‌కి ఇవ్వండి. ఫెండర్ తరహా యాంపుల్లో 6ఎల్6కి 1వ పిన్‌తో పని లేదు కాబట్టి గ్రిడ్‌కి వెళ్లే రెసిస్టర్ ఒక కాలు అక్కడ కట్టేస్తారు. ఈఎల్34లో ఆ పిన్ సప్రెసర్ గ్రిడ్, అది 8వ పిన్‌లోని కాథోడ్‌కి కలవాలి. హీటర్ కూడా ఒక్కోటి 0.9 ఆంపియర్ల బదులు 1.5 లాగుతుంది, మీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అంత ఇవ్వగలదో లేదో చూడాలి. బయాస్ మళ్లీ సెట్ చేయాలి: ప్లేట్ మీద 450 వోల్టులుంటే, అది తట్టుకునే వేడిలో 70 శాతం లెక్కన 6ఎల్6జీసీకి ఒక్కోదానికి 46 మిల్లీ ఆంపియర్ల దాకా పోవచ్చు, ఈఎల్34కి 38 దగ్గర ఆగిపోవాలి. అమెరికా నుంచి తెచ్చుకున్న యాంప్ అయితే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాకే ఈ కొలతలు తీయించండి, మా ఇంట్లో అర్ధరాత్రి లైను 245 కూడా చూపిస్తుంది, దానితోపాటే ప్లేట్ వోల్టేజీ కూడా పైకెళ్తుంది. ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు, యూట్యూబ్ చూసి చెయ్యి పెట్టకండి.

స్పీకర్ మారుస్తానంటే మాత్రం ఒక మాట. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ అంటే అందరికీ మోజే కానీ అది 25 వాట్లది, మీ 40 వాట్ల కాంబోలో స్పీకర్ ఒక్కటే అయితే, అది పెట్టి గట్టిగా వాయిస్తే కాయిల్ కాలిపోవచ్చు. 60 వాట్ల వింటేజ్ 30 గానీ 65 వాట్ల క్రీమ్‌బ్యాక్ గానీ చూడండి, పాతదాని వెనక ఎన్ని ఓమ్‌లు రాసి ఉందో అన్నే ఉండేది కొనండి. పాత స్పీకర్ పారేయకండి, నేను నాది అమ్మేసి ఏడాది తిరక్కుండా దానికోసం వెతుక్కున్నాను.