90837 ఎందుకు తప్పు పడుతోందంటే

చెల్లెమ్మా, అనంతపురంలో ఇంటి నుంచే అమెరికా సైకియాట్రీ చార్టులకు మెడికల్ కోడింగ్ (బిల్లు కోసం డాక్టర్ నోట్‌ను కోడ్‌లుగా మార్చే పని) చేస్తున్నానని, ఆడిట్‌లో 90837, అంటే గంట సైకోథెరపీ కోడ్, పదే పదే ఎర్రర్ పడుతోందని రాశావు. "గంట సెషన్ అని నోట్‌లోనే ఉంది, నా తప్పేముంది?" అని అడిగావు. ఆ గంట దగ్గరే ఉంది తిరకాసు.

గంట అన్నది అపాయింట్‌మెంట్ లెక్క. మనకు కావాల్సింది థెరపీ నిజంగా నడిచిన నిమిషాలు. 16 నుంచి 37 నిమిషాలైతే 90832, 38 నుంచి 52 అయితే 90834, 53 నిమిషాలు, ఆపైన ఉంటేనే 90837. నోట్‌లో 10:00కి మొదలై 10:50కి ముగిసిందని ఉందనుకో, 90834 తప్ప ఇంకోటి పెట్టకూడదు. కడపలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేసి వారమంతా టెన్షన్ పడ్డాను. అసలు టైమే రాయకుంటే ఊహించి వేయొద్దు, డాక్టర్‌ని అడుగుతూ క్వెరీ పంపు.

సైకియాట్రిస్ట్ మందులు చూసి, అదే విజిట్‌లో థెరపీ కూడా చేస్తే దారి వేరు. అప్పుడు ఈ అండ్ ఎం కోడ్‌కి (పేషెంట్‌ని చూసి, చికిత్స నిర్ణయించినందుకు వేసే విజిట్ కోడ్) తోడుగా 90833, 90836, 90838లలో ఒకటి యాడ్-ఆన్‌గా వస్తుంది. మందుల గురించి మాట్లాడిన సమయాన్ని థెరపీ నిమిషాల్లో కలపకూడదు.

పనిలో పని, ఔట్‌పేషెంట్ నోట్‌లో "బైపోలార్ కావచ్చు" అని ఉంటే ఎఫ్31 (బైపోలార్ జబ్బు కోడ్) వేయకు, లక్షణాలకే కోడ్ ఇవ్వు. మా ఆడిటర్ దీన్ని అస్సలు వదలడు.

రేపు ఆ ఎర్రర్ చార్టుల్లో స్టార్ట్, స్టాప్ టైములు తీసి చూడు. 53 కంటే తక్కువున్నవి ఒప్పేసుకో, 53, ఆపైన ఉన్నవాటికి రిబటల్ వెయ్యి, అంటే ఎర్రర్ తప్పని ఆధారంతో తిరిగి రాయి.