మురుగు ప్లాంట్ మడ్డి చేలో తోలొచ్చా?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర. రెండెకరాల వరి, లంకలో ఇంకో ఎకరం కూరగాయలు. టౌన్ మురుగునీటి ప్లాంట్ నుంచి ఎండిన మడ్డి ఫ్రీగా ఇస్తున్నారు, ట్రాక్టర్ కిరాయి ఒక్కటే మనది. వేసవిలో వరిలో ఒక ఎకరంలో నాలుగు ట్రక్కులు తోలితే సార్వా (ఖరీఫ్) చేను భలే లేచింది. ఇప్పుడు లంకలో తోటకూర, పాలకూరకి కూడా తోలదామనుకుంటే, అందులో లోహాలుంటాయి వద్దని పక్క రైతు అంటున్నాడు. నిజమేనా అండి?

జవాబు: నిజమేనండి, లంకలో మాత్రం దయచేసి తోలకండి. చేను ఎందుకు లేచిందంటే ఆ మడ్డిలో నత్రజని, భాస్వరం ఉంటాయి, జింక్ కూడా ఉంటుంది, మన డెల్టా వరికి జింక్ లోపం మామూలే కదా, అందుకే తేడా కంటికి కనపడింది. కానీ నత్రజని ఒకట్రెండు పంటల్లో అయిపోతుంది, సేంద్రియ పదార్థం కొన్నేళ్లలో కుళ్లిపోతుంది, కాడ్మియం, సీసం, నికెల్ మాత్రం ఎటూ పోవు, నాగలి తిరిగే ఆ ఆరంగుళాల మట్టిలోనే ఉండిపోతాయి.

లెక్క వేసి చూద్దాం. సిటీ కంపోస్టుకి మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కాడ్మియం కిలోకి 5 మిల్లీగ్రాములు, సీసం 100 దాటకూడదని ఉంది. మీ మడ్డి సరిగ్గా ఆ 5 దగ్గరే ఉందనీ, ఎండు బరువు పది టన్నులు తోలారనీ అనుకుంటే ఎకరంలోకి 50 గ్రాముల కాడ్మియం వెళ్లినట్టు. రెండున్నర టన్నుల ధాన్యం పండి, కిలోకి 0.1 మిల్లీగ్రాము చొప్పున గింజలోకి వెళ్లినా పంటతో బయటికొచ్చేది పావు గ్రాము! అంటే ఒక్కసారి తోలింది గింజ ద్వారా పోవాలంటే రెండొందల పంటలు కావాలి. ఒక్కసారికే పొలం పాడైపోదు, అంత భయపడక్కర్లేదు, ఏటా తోలుకుంటూ పోతేనే ప్రమాదం. లోహపు పూత వేసే ప్లేటింగ్ షాపులు, బ్యాటరీ షెడ్ల నీళ్లు కూడా ఆ డ్రైన్లో కలుస్తుంటే లోహాలు ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఇంగ్లండ్‌లో వోబర్న్ అనే చోట 1942 నుంచి 1961 దాకా పొలానికి ఇలాంటి మడ్డి వేశారు, ఆపేసిన దశాబ్దాల తర్వాత చూసినా లోహాలు పైమట్టిలోనే ఉన్నాయి, క్లోవర్ అనే పప్పుజాతి పశుగ్రాసం మొక్కల వేరుబుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా పని చెయ్యడం లేదు. దాళ్వా (రబీ వరి) వెయ్యని చేలల్లో మనం మినుము, పెసర చల్లుతాం కదండీ, వాటి బతుకూ ఆ బుడిపెల మీదే.

లంక ఎందుకు వద్దన్నానంటే అది ఇసుక నేల, లోహాన్ని పట్టి ఉంచే బంకమట్టి తక్కువ, పైగా ఆకుకూరలు కాడ్మియాన్ని ఆకులోకి లాగేస్తాయి, అది తింటే చేరేది కిడ్నీలకి. మడ్డిలో ఉండే ఏలికపాము గుడ్లు ఆకుకూరలకి అంటుకునే గొడవ ఇంకోటి.

తోలేసిన వరి ఎకరం నల్లరేగడి అయితే కొంత నయం, మన డెల్టా బరువు నేలలు ఎక్కువ చోట్ల తటస్థంగానో కాస్త క్షారంగానో ఉంటాయి కాబట్టి కాడ్మియం తొందరగా కదలదు. నీళ్లు నిలవున్నప్పుడు అది గంధకంతో ముడిపడి ఉంటుంది, చేను ఆరితే విడిపోయి వేరుకి అందుతుంది. అందుకని ఈనిక (కంకి బయటికొచ్చే దశ) నుంచి మూడు వారాలు చేను ఆరనివ్వకండి, పలచగా నీళ్లు ఉంచి, కోతకి ముందే తీసెయ్యండి. ఆ ఎకరంలో ఆకుకూరలు వెయ్యొద్దు, మడ్డి మళ్లీ వెయ్యొద్దు. బలానికి పశువుల ఎరువు, జీలుగ, జింక్ లోపం కనిపిస్తే ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేస్తే చాలు.

ఒక టెస్టు చేయించండి. మామూలు భూసార కార్డులో జింక్, రాగి వస్తాయి గానీ కాడ్మియం, సీసం రావు, అది చూసి అంతా బాగుందనుకోకండి, భారలోహాల పరీక్ష కావాలని ల్యాబులో విడిగా అడగాలి. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి అరకిలో ఇవ్వండి, మడ్డి పడని మీ రెండో ఎకరం మట్టి కూడా విడిగా ఇస్తే తేడా తెలుస్తుంది. జింక్ పూత బకెట్ వాడొద్దు, ప్లాస్టిక్ది చాలు. ప్లాంట్ వాళ్లని కూడా మడ్డి లోహాల రిపోర్టు కాగితం మీద అడగండి, ఇవ్వకపోతే ట్రాక్టర్‌ని వెనక్కి పంపించెయ్యండి.