గంటకు ఎంత? గంటకు ఎన్నో వంతు?

తమ్ముడికి ఆశీస్సులు.

మందులు ఒంట్లోంచి ఎలా పోతాయో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. అయితే "మందు వేగంగా బయటికి పోతుంది" అనే మాట చాలాచోట్ల వచ్చింది. వేగం అన్నాక గంటకు ఎంతో చెప్పాలి. అది గంటకు ఇన్ని మిల్లీగ్రాములా, ఉన్నదాంట్లో ఇన్నో వంతా? అది తేలాకే కలం పట్టు.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడు. కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లలో దాని అర్ధజీవిత కాలం, అంటే రక్తంలో మందు సగం కావడానికి పట్టే సమయం, సుమారు 2 గంటలు. రక్తంలో లీటరుకు 16 మిల్లీగ్రాములుంటే 2 గంటలకు 8, 4 గంటలకు 4, 6 గంటలకు 2 అవుతుంది. మొదటి విడతలో 8 పోయింది, మూడో విడతలో 2 మాత్రమే. కిడ్నీ నెమ్మదించిందా? లేదు, ప్రతిసారీ ఉన్నదాంట్లో సగం తీస్తూనే ఉంది. పాఠకుడు తికమకపడేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడకు. మామూలు గ్రాఫ్ కాగితం మీద ఇది వంపు గీత. నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్‌లోకి మార్చి, 16కీ 8కీ ఎంత ఎడమో 4కీ 2కీ అంతే ఎడం ఉంచితే తిన్నని గీత వస్తుంది. దాని వాలులో రోగి కిడ్నీ పనితీరు కనిపిస్తుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో మందు సగం కావడానికే ఒక రోజు దాటవచ్చు. గీత దాదాపు పడుకుంటుంది. అప్పుడు డాక్టర్లు డోసుకూ డోసుకూ మధ్య వ్యవధి పెంచుతారు. (నరానికి ఇంజెక్షన్ చేయగానే కనిపించే నిటారు దిగుడును ఈ లెక్కలో కలపకు. అది మందు రక్తంలోంచి కణజాలంలోకి సర్దుకోవడం.)

మద్యం దారి వేరు. రేషన్ షాపు ముందు క్యూ ఎంత పొడవున్నా డీలరు గంటకు తూచేది అంతే కదా, లివర్‌లోని ఎంజైములూ అంతే. 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు తగ్గేది సుమారు 15 మిల్లీగ్రాములు. మనిషిని బట్టి కొంత అటూఇటూ. అర్ధరాత్రి 120 ఉన్నవాడు మన డ్రైవింగ్ చట్టం పెట్టిన 30కి దిగేసరికి ఉదయం 6 అవుతుంది. 120 సగం కావడానికి 4 గంటలు, 60 సగం కావడానికి 2 గంటలు. ఇక్కడ స్థిరమైన అర్ధజీవిత కాలమే లేదు. నువ్వు మద్యానికి రాసిన ఆ అంకె కొట్టెయ్. మామూలు కాగితం మీద తిన్నగా దిగే గీత దీనిదే.

ఫెనిటోయిన్ గురించి ఒక్క పేరాతో సరిపెట్టావు, నాకది చాలలేదు. ఫిట్స్‌కి వాడే ఈ మందు తక్కువ మోతాదులో జెంటామైసిన్ దారిన పోతుంది, ఎంజైములు నిండేకొద్దీ మద్యం దారి పడుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాముల నుంచి 400కి పెంచితే రక్తంలో మందు మూడో వంతు పెరిగి ఆగకపోవచ్చు, రెట్టింపూ దాటవచ్చు. రోగికి నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు ముదిరిందనుకునే ప్రమాదం ఉంది. ఆ పేరాను పెంచి, రోజు మోతాదు అడ్డంగా, రక్తంలో స్థాయి నిలువుగా ఒక గ్రాఫ్ గీసి పంపు.

నీ అన్నయ్య