హాఫ్ డోమ్ ఎక్కుతానంటున్న అమ్మాయి, నిద్ర పట్టని అమ్మ

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. అమెరికాలో ఎమ్మెస్ చేసి శాన్ హోసేలో ఉద్యోగం చేస్తోంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో హాఫ్ డోమ్ అనే కొండ ఎక్కడానికి లాటరీలో పర్మిట్ వచ్చిందట. జూలైలో ముగ్గురు స్నేహితులతో వెళ్తుందట. వీడియోలు చూశాను. ఇనుప తీగలు పట్టుకుని నున్నటి బండ మీద పాకుతున్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వద్దంటే "అలిపిరి మెట్లన్నీ ఎక్కాను కదమ్మా, మన పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా" అంటుంది. వాళ్ల నాన్నకు బీపీ, ఇంకా చెప్పలేదు. తనకు తెలియకుండా వాళ్ల ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఈ ప్రయాణం ఆపమని అడగొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు చివరి ప్రశ్న సంగతి. వద్దమ్మా. మీరు చేసిన ఫోన్ సాయంత్రానికల్లా మీ అమ్మాయి చెవిన పడుతుంది. ఈసారి కొండకు వెళ్లొచ్చాక చెబుతుంది, ఆ పైసారి అసలు చెప్పదు. వెళ్లకముందే చెప్పే పిల్ల మీకు ఉంది. దాన్ని పోగొట్టుకోకండి.

మీది ఉత్త భయమని మాత్రం అనను. 2024 జూలైలో ఆ తీగల దగ్గరే, ఉన్నట్టుండి వాన పడితే, దిగుతున్న ఒక యువతి జారిపడి చనిపోయింది. ఆ తీగలు 1919 నుంచీ ఉన్నాయి. కొండ చివరి 400 అడుగులకు రెండు వైపులా ఉక్కు తీగలు, మధ్యలో కాళ్లు ఆనించుకోవడానికి అక్కడక్కడా అడ్డంగా చెక్కలు. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ అదే దారి. వందేళ్లుగా లక్షల కాళ్లు అరగదీసిన గ్రానైట్ అది. పొడిగా ఉంటే బూటు పట్టు దొరుకుతుంది, తడిస్తే దొరకదు. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ మబ్బులు కమ్మి ఉరుములు మెరుపులు రావడం మామూలే. బోడి బండ మీద ఇనుము పట్టుకుని నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అందుకే "ఎందుకే నీకీ పిచ్చి" అని కాకుండా "పొద్దున ఎన్నింటికి బయల్దేరుతున్నారు?" అని అడగండి. చీకటితోనే, నాలుగింటికో ఐదింటికో అంటే తెలిసినవాళ్లతోనే వెళ్తోందని అర్థం. "టిఫిన్ చేసి మెల్లగా" అంటే మాత్రం నేనూ మీతో కలిసి టెన్షన్ పడతాను. నడుముకు బెల్టు కట్టుకుని తీగకు తగిలించుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. తీసుకెళ్తున్నారా అని అడగండి. చేతులకు గ్లవ్స్ సంగతీ అడగండి.

తీగల కన్నా నాకు ఎక్కువ భయం నీళ్లంటే. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ దారిలోనే వెర్నల్ జలపాతం కనిపించే వంతెన దాకా నడిచాను. అంతకుమించి నా మోకాళ్లు ఒప్పుకోలేదు. అక్కడ కూర్చుని నేను చూసిందేమిటంటే, బోర్డుల ముందే నిలబడి ఫోటోలు దిగి, ఆ బోర్డులు వద్దన్న చోటికే దిగుతున్న కుర్రాళ్లు. అక్కడి మెర్సెడ్ నది కరిగిన మంచు నీరు. పైకి పలచగా, అందంగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది. ఒడ్డు రాళ్లు పాచి పట్టి ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మన తెలుగు విద్యార్థులిద్దరు నీళ్లలో పడి చనిపోయిన వార్త మీరూ చదివే ఉంటారు. ఎవరెస్ట్ ఎక్కబోయి కాదు, సరదాగా నీళ్ల దగ్గరికి వెళ్లి. అందుకని ఒక్క మాట తీసుకోండి: జలపాతాల పైన ఎక్కడా, కాళ్లు కడుక్కోవడానికి కూడా, నీళ్లలోకి దిగనని.

ఇక అలిపిరి. 3,550 మెట్లు ఎక్కిన పిల్లకు కాళ్లలో బలముంది, కాదనను. కానీ ఇది రానూ పోనూ 22 కిలోమీటర్ల పైమాట, 4,800 అడుగుల ఎక్కుడు, పది పన్నెండు గంటల నడక. మలుపు మలుపుకీ నిమ్మసోడా ఇచ్చేవాళ్లుండరు. కుళాయి నీళ్లు నేను ఆగిపోయిన ఆ వంతెన దగ్గరే ఆఖరు. తర్వాత నది నీళ్లే, అవీ ఫిల్టర్ చేసుకునే తాగాలి. పూర్ణ పేరు మీ అమ్మాయే ఎత్తింది కాబట్టి, 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు ఆ పిల్ల భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్ దాకా వెళ్లి నెలల తరబడి శిక్షణ తీసుకుందని గుర్తు చేయండి. జూలై లోపల మీ అమ్మాయి వారం వారం చిన్న కొండలైనా ఎక్కుతోందా?

ఇప్పుడు అసలు మాట. రోజుకు మూడు వందల మందికి మించి పర్మిట్ ఇవ్వరు. అదృష్టం కొద్దీ వచ్చింది కదా, వదులుకోవడమెలా అని మబ్బు పట్టినా ఎక్కేస్తారు. దానికి తోడు ఇంట్లో అమ్మతో పోట్లాడి వెళ్తే పైదాకా వెళ్లి చూపించాల్సిందే అనిపిస్తుంది. మీ గొడవ ఆమెను ఆపదు, వెనక్కి తిరగాల్సిన చోట వెనక్కి తిరగనివ్వదు. కాబట్టి మీరే ముందు చెప్పండి: "తీగల దాకా వెళ్లి వచ్చేసినా నాకు సంతోషమే, అక్కడి నుంచి ఒక ఫోటో పంపు చాలు." నలుగురిలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు తోడుగా కిందికి వస్తారో కూడా ముందే అనుకోమనండి.

ఇంకొకటి. ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. అక్కడ పొద్దున ఐదు మనకు సాయంత్రం ఐదున్నర. ఆమె నడిచేదంతా మీకు రాత్రే. తెల్లారి ఆరున్నరకో ఏడింటికో గానీ కబురు రాదు, ఆలస్యమైతే ఇంకా పొద్దెక్కవచ్చు. ఫలానా టైము దాటితే ఎవరికి చెప్పాలో, శాన్ హోసేలోనే ఉండే ఒకరి నంబరు అడిగి తీసుకోండి, ఆమెకు తెలిసే. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన వాటిల్లో సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. గుంపులో ఒక్కరి దగ్గరైనా అలాంటిది ఉండేలా చూసుకోమనండి.

మీ ఆయనకు ఈ వారమే చెప్పండి. బీపీ ఉన్న మనిషికి విషయం ముందు తెలిస్తే మాత్ర వేసుకుంటాడు, ఆ రాత్రి మూడింటికి మీరు హాల్లో తిరుగుతుంటే చూసి తెలుసుకుంటే ఎక్కువ ప్రమాదం. పైగా మేలుకోవడానికి మీకు ఇంకో మనిషి ఉంటారు.