ఆ మిషన్ వదిలేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2 అనే యుద్ధం వీడియో గేమ్ ఈమధ్యే పీసీలో మొదలుపెట్టాను. మధ్యమధ్యలో స్ట్రైక్ ఫోర్స్ అని కొన్ని మిషన్లు వస్తున్నాయి. ఆడకపోయినా కథ ముందుకెళ్తోంది. వదిలేస్తే నష్టమా? ఇంకో సంగతి. సుబేదార్‌గా రిటైరైన మా బాబాయి వెనక నిలబడి చూసి, ‘ఇష్టముంటే వెళ్లు, లేకపోతే మానెయ్ అనే ఆర్డర్ ఏ పటాలంలో ఉందిరా?’ అని ఒకటే నవ్వు. ఇలాంటి కథను నమ్మేదెలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వదలకండి. అవి ఊరికే పెట్టిన అదనపు మిషన్లు కావు. కథ ముందుకు జరిగేకొద్దీ ఒక్కోదానికి గడువు తీరిపోతుంది, తర్వాత మ్యాప్‌లో వెతికినా దొరకదు.

ముగింపు ముందే తెలిస్తే సరదా పోతుందనుకుంటే ఈ పేరా దాటెయ్యండి. స్ట్రైక్ ఫోర్స్ మిషన్లు వరసగా గెలుచుకుంటూ వస్తే, చైనా నాయకత్వంలోని కూటమి అమెరికాతో చేతులు కలుపుతుంది. చివర్లో యుద్ధనౌక మీద దాడి జరిగినప్పుడు ఆ సాయం ఎంత విలువైందో తెలుస్తుంది. క్లోయీ లించ్ అనే అమ్మాయిని శత్రువులు ఎత్తుకుపోయారనుకోండి, విడిపించడానికి సెకండ్ చాన్స్ అనే ఐచ్ఛిక మిషన్ ఒక్కటే దారి. ఆమె బతికుందా లేదా అన్నదాన్ని బట్టి ముగింపే మారిపోతుంది. ఇప్పటికే వదిలేసి ఉంటే కంగారు వద్దు, ఆట పూర్తయ్యాక రివైండ్ స్టోరీతో వెనక్కి వెళ్లొచ్చు.

ఒక చిట్కా. ఈ మిషన్లలో పైనుంచి మ్యాప్ చూస్తూ సైనికులకు ఆర్డర్లు ఇవ్వొచ్చు, లేదా ఏదో ఒక సైనికుడిలోకో రోబోలోకో మీరే దిగిపోవచ్చు. దిగిపోండి. మనవాళ్లను నమ్ముకుంటే గోడకు ముఖం పెట్టి నిలబడతారు, నేను అలా రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఇక మీ బాబాయి గారి నవ్వు. సగం న్యాయమే. సిపాయికి ‘ఇష్టముంటే’ అనే మాట ఉండదు. కానీ ఉన్న కొద్దిపాటి బలగాన్ని ముందు ఎటు పంపాలి, ఏ చోటును వదులుకోవాలి అన్న తలనొప్పి పై అధికారికి ఉంటుంది కదా. స్ట్రైక్ ఫోర్స్ మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెడుతుంది. వెళ్లకపోతే ఏదో ఒకటి చేజారుతుంది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది. 2012లో వచ్చిన ఈ ఆట ఊహించిన భవిష్యత్తు 2025, మనం దాన్నీ దాటేశాం. అయినా ఈ ఒక్క ఆలోచన పాతబడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు, ఇదే కాల్ ఆఫ్ డ్యూటీ వరసలో వచ్చిన 2016 నాటి ఇన్ఫినిట్ వార్‌ఫేర్. శత్రువు నెత్తిమీదికి వచ్చేశాడని అందరూ అరుస్తుంటారు. మీరు మాత్రం తాపీగా పక్క మిషన్లన్నీ చుట్టి రావచ్చు. కొత్త ఆయుధాలు, అప్‌గ్రేడ్లు దొరుకుతాయి, ముగింపు మాత్రం మారదు. పెళ్లికొడుకు ఎప్పుడొస్తే అప్పుడే ముహూర్తం అన్నట్టు యుద్ధం మన కోసం ఆగి ఉంటుంది.

ఇదే వరసలోని 2009 నాటి మోడ్రన్ వార్‌ఫేర్ 2లో ‘నో రష్యన్’ సంగతి వేరు. విమానాశ్రయంలో మామూలు జనాన్ని కాల్చే దృశ్యం అది. చూడలేనివాళ్లు దాటేయొచ్చని ఆట ముందే అడుగుతుంది, దాటేసినా పోయేదేమీ లేదు. నాకు అసలు మింగుడుపడనిది ఆ తర్వాతి కథ. అక్కడ ఒక అమెరికన్ శవం దొరికిందని రష్యా సైన్యం ఏకంగా వర్జీనియాలో దిగిపోతుంది! బాబాయి గారికి ఇది చూపించండి, ఇంకాసేపు నవ్వుతారు.

ఆయన మెచ్చేది కావాలంటే 2020 నాటి బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్. కథాకాలం 1981. ఇందులో ఐచ్ఛిక మిషన్లు రెండే. వాటికి వెళ్లేముందు మిగతా మిషన్లలో ఏరుకున్న ఆధారాలను కూర్చుని విప్పుకోవాలి. ఒకదాంట్లో అనుమానితుల జాబితా నుంచి ముగ్గురిని తేల్చాలి. అందరికీ ఒకే జవాబు ఉండదు కాబట్టి యూట్యూబ్ చూసి కొట్టేయడం కుదరదు. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. నిఘా పనంటే తుపాకీ కన్నా కాగితాలతోనే ఎక్కువని ఒప్పుకున్న ఆట ఇది, నా ఓటు దీనికే.

ప్రశ్న: నాకు కథ భాగం చాలు, ఆన్‌లైన్‌లో ఆడను. కానీ కొత్త కాల్ ఆఫ్ డ్యూటీ వేస్తే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోతోంది. కొత్త డ్రైవ్ కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అప్పుడే సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపులకి పరిగెత్తకండి. గేమ్‌ను స్టీమ్ యాప్‌లో తీసుకుని ఉంటే, అందులో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీఎల్‌సీ (గేమ్ అదనపు భాగాలు) జాబితా చూడండి. మల్టీప్లేయర్ లాంటివి విడిగా కనిపిస్తే టిక్ తీసేయండి. బ్యాటిల్ డాట్ నెట్‌లో అయితే ప్లే బటన్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి మాడిఫై ఇన్‌స్టాల్‌కి వెళ్లాలి. కథ పూర్తయ్యాక ఆ భాగాన్నీ ఇలాగే తీసేయొచ్చు. అయితే తీసేముందు ఐచ్ఛిక మిషన్లేమైనా మిగిలాయేమో చూసుకోండి, మళ్లీ డౌన్‌లోడ్ అంటే రాత్రంతా పడుతుంది.